ఐదో స్తంభం కింద ఇసుక

అతని అసలు పేరు ఆఫీసులో జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ అతను బుడగ. వంతెన మీద నిలబడి చూసేవాళ్ళకి ముందు నీటిమీద బుడగలు కనిపించేవి, తర్వాత ఇత్తడి హెల్మెట్ తేలేది, ఆఖరికి దాని కింద ఒక మనిషి ఉన్నాడని తెలిసేది. పేరు అలా అతుక్కుపోయింది. పెళ్ళయిన కొత్తలో బావమరిది కూడా బావా అనబోయి ఒకటి రెండుసార్లు బుడగా అని నోరు జారాడు.

వంతెనల శాఖలో అతను డైవర్. వరదలు వెళ్ళిపోయాక నది అడుగుకి దిగి, వంతెన స్తంభాల మొదళ్ళు చేత్తో తడిమి, ఇసుక ఎలా ఉందో పైకొచ్చి చెప్పాలి. చూసి చెప్పడం కుదరదు. ఆ నదిలో ఎప్పుడూ బురదే. మనిషి మునిగితే తన చెయ్యి తనకే కనపడదు. అందుకని బుడగ కళ్ళు మూసుకునే పని చేసేవాడు. ఒకటో స్తంభానికి నత్తలు, మూడోదానికి చిటికెన వేలు సరిగ్గా పట్టే పగులు, ఏడోదానికి కట్టినప్పుడు ఎవరో వదిలేసిన ఇనుప కొక్కెం. దేన్ని ముట్టుకున్నా అది ఏ స్తంభమో చెప్పేవాడు. ఈ అలవాటు ఇంటిదాకా వచ్చింది. వంటింట్లో కళ్ళు మూసుకుని అలమార తడుముతుంటే భార్య అరిచేది.

"లైటు వెలుగుతోంది కదండీ, కళ్ళు తెరవండి. ఉప్పు డబ్బా అనుకుని సబ్బుపొడి తీసేరు."

ఆ ఉద్యోగంలో అతనికి ముందున్నది మామగారే. అయితే ఆ మామని అల్లుడు ఎన్నడూ చూడలేదు.

బుడగ ఆ ఊరికి రాకముందు ఒక ఏడు పెద్ద వరద వచ్చి తగ్గుముఖం పట్టింది. వంతెన మీద బస్సులు వదలొచ్చో లేదో చూసి రమ్మని పెద్దాయన్ని పంపారు. పడవ పట్టుకోడానికీ, కిందికి గాలి కొట్టే పంపు తిప్పడానికీ ఒక కిరాయి మనిషి వెంట వెళ్ళాడు. సాయంత్రానికి ఆ పడవవాడు ఒక్కడే తిరిగొచ్చాడు. "పని అయిపోయింది, సామాను మూటగట్టుకుని అవతలి గట్టున దిగిపోయాడు. బస్సెక్కడం నా కళ్ళతో చూశాను" అన్నాడు. ఎక్కడికి వెళ్ళాడని అడిగితే తెలియదన్నాడు. కొన్నాళ్ళకి వాడు కూడా ఊరు విడిచిపోయాడు.

తర్వాత వేరే ఊరినుంచి డైవర్లని పిలిపించి వెతికించారు. ఏ స్తంభం దగ్గరా గొయ్యి లేదు. ఇసుక పరుపు పరిచినట్టు చదునుగా ఉంది. నదిలో మనిషి లేడు కాబట్టి బస్సులోనే ఉండాలి కదా. ఊరు అలా తేల్చేసింది. ఆ బస్సు చేరే ఊళ్ళో అతనికి ఒక రెండో సంసారాన్ని కూడా ఊరే కట్టిపెట్టింది. నీళ్ళలో తేలిపోకుండా వేసుకునే సీసపు బూట్లు, హెల్మెట్ పాత సామాన్లవాడికి అమ్మేసి ఉంటాడని చెప్పుకున్నారు.

కొన్నేళ్ళకి కొత్త డైవరుగా వచ్చిన బుడగ, గడియారాలు బాగుచేసే దుకాణం మీద ఉన్న ఆ పెద్దాయన ఇంట్లోనే ఒక గది అద్దెకి తీసుకున్నాడు. రెండేళ్ళకి ఆ ఇంటి అల్లుడయ్యాడు. "మామగారి ఉద్యోగం వచ్చింది, మామగారి కూతురు వచ్చింది, ఇక రావలసింది ఆ బస్సు టికెట్టే" అని ఆఫీసులో ఆటపట్టించేవాళ్ళు. అతను నవ్వేసేవాడు. భార్య మాత్రం నవ్వేది కాదు. తండ్రి ఫోటో ఆ ఇంట్లో ఏ గోడమీదా లేదు. అత్తగారు రోజూ పొద్దున్నే మొహం కడుక్కుని, కిటికీ తెరిచి, నది వైపు కాకుండా బస్టాండు వైపు తిరిగి మొగుణ్ణి నాలుగు తిట్లు తిట్టి, ఆ తర్వాతే కాఫీ తాగేది. కింద దుకాణంవాడు ఆ తిట్లు వినే షట్టరు ఎత్తేవాడు.

బుడగ నీళ్ళలో ఉండగా పైన తాడు పట్టుకునేది బావమరిది. ఒకసారి లాగితే బాగున్నానని. రెండుసార్లు లాగితే ఆగమని. మూడుసార్లు లాగితే పైకి లాగెయ్యమని. బావమరిదికి నోరు ఊరుకోదు. నీళ్ళ కింద ఉన్నవాడికి వినపడదని తెలిసినా తాడుతో కబుర్లు చెబుతూనే ఉండేవాడు.

అన్ని స్తంభాల్లోకీ ఐదోదే బుడగకి మింగుడుపడేది కాదు. మిగతావాటి దగ్గర ఇసుక గట్టిగా ఉండేది, మోకాళ్ళు ఆనిస్తే నొప్పి పుట్టేది. ఐదోదాని దగ్గర పైకి చదునుగానే ఉండేది గానీ అరచెయ్యి ఆనిస్తే, లోపలినుంచి ఎవరో నెమ్మదిగా పట్టుకుని లాగుతున్నట్టు మోచెయ్యిదాకా దిగిపోయేది. చెయ్యి వెనక్కి తీసుకుంటే ఆ చోటు వెంటనే పూడిపోయేది, చెయ్యి పెట్టిన గుర్తే ఉండేది కాదు. పైకొచ్చి ఆ మాట చెబితే "గొయ్యి ఉందా లేదా?" అని అడిగేవాళ్ళు. లేదనేవాడు. "మరింకేం" అనేవాళ్ళు.

ఒక ఏడాది అలా దిగిన చేతికి సైకిల్ హ్యాండిల్ తగిలింది. మరుసటి ఏడు ఒక తలుపు తగిలింది. చెక్కతలుపు, అడ్డబద్దలు, గొళ్ళెం. వేళ్ళు ఇంట్లోలాగే అలవాటుకొద్దీ గొళ్ళేన్ని వెనక్కి జరిపేశాయి. అతను ఏమీ తోయలేదు. అయినా తలుపు అవతలినుంచి ఎవరో భుజం ఆనించినట్టు అతని చేతిమీదికి కొంచెం జరిగింది. బుడగ ఆ గొళ్ళేన్ని మళ్ళీ పెట్టి పైకొచ్చేశాడు.

"ఐదోదాని దగ్గర ఇసుకలో తలుపుందిరా" అన్నాడు పడవలో హెల్మెట్ విప్పించుకుంటూ.

"తట్టావా బావా? ఎవరైనా పలికారా?" అన్నాడు బావమరిది.

"నవ్వులాట కాదు. పైన ఇసుక చదునుగా ఉంది. మరి తలుపు కిందికెలా పోయింది?"

బావమరిది దానికి కూడా ఏదో పరాచికమే ఆడాడు. బుడగకి మాత్రం ఆ తర్వాత చాలాకాలం ఇంట్లో తలుపు గొళ్ళెం పెట్టాలంటే వేళ్ళు బిగుసుకుపోయేవి.

బుడగ కూతురు ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ మూడో ఏడాదికి వచ్చింది. నదులు, వాటిలో కొట్టుకొచ్చే ఇసుక, మన్ను గురించి వాళ్ళకి ఒక పాఠం ఉంది. కాలేజీలో తల్లిదండ్రుల్ని పిలిచిన రోజు తండ్రినీ మేనమామనీ లాక్కుపోయి లేబొరేటరీ చూపించింది. అక్కడ గాజు గోడల కాలువ ఒకటి ఉంది, అడుగున ఇసుక, మధ్యలో స్తంభం బదులు నున్నటి కర్ర నిలబెట్టారు.

పిల్ల నీళ్ళు వదిలింది. ముందు ఏమీ జరగలేదు. వేగం పెంచేకొద్దీ ఇసుక రేణువులు ఒకటీ రెండూ దొర్లడం మొదలెట్టాయి. ఇంకొన్ని చిన్న చిన్న గెంతులు వేశాయి. మరీ సన్ననివి నీళ్ళలోకి లేచి, కింద ఆనకుండానే వెళ్ళిపోయాయి.

"అచ్చం మీ నాన్న ఆఫీసేనే" అన్నాడు బావమరిది. "కొందరు దొర్లుతారు, కొందరు గెంతుతారు, పైవాళ్ళు కాలు కింద పెట్టకుండా తేలిపోతారు."

పిల్ల నవ్వి, కర్ర మొదలు చూపించింది. నీళ్ళు కర్రకి కొట్టుకుని నిలువునా కిందికి దిగుతున్నాయి. అడుగుకి చేరి చుట్ట తిరిగి, గుర్రపు నాడా ఆకారంలో కర్రకి రెండు పక్కలా సుడి కడుతున్నాయి. ఆ సుడి ఇసుకని గరిటెతో తోడినట్టు తోడేస్తోంది. చూస్తుండగానే కర్ర చుట్టూ గొయ్యి పడింది. పైన నీళ్ళు మాత్రం గీత గీసినట్టు సాఫీగా పోతున్నాయి. బుడగ వంగి గాజుకి మొహం ఆనించాడు. ఇన్నేళ్ళూ తాను దిగిన చోటుని కళ్ళతో చూడటం అతనికి అదే మొదలు.

బావమరిది తన చొక్కాకి వేలాడుతున్న గుండీ తెంపి కాలువలో వేశాడు. అది కొట్టుకుపోయి, గొయ్యి అంచున ఒక క్షణం ఆగి, లోపలికి జారింది. పిల్ల నెమ్మదిగా నీళ్ళు తగ్గించింది. ఎగువనుంచి వస్తున్న ఇసుక గొయ్యిలోకి రాలింది. గుండీ కనపడకుండా పోయింది. గొయ్యి పూడింది. అడుగంతా మళ్ళీ పరుపులా పరుచుకుంది.

"గుండీ ఏదే?" అన్నాడు బుడగ.

"అక్కడే ఉంది నాన్నా, కింద. వరద ఉన్నంతసేపే గొయ్యి ఉంటుంది. నీళ్ళు నెమ్మదించేసరికి ఇసుక మేటేసి మూసేస్తుంది. కాకపోతే అది వదులు ఇసుక, స్తంభాన్ని పట్టి నిలపలేదు."

"అంటే నేను దిగేది..."

"అంతా మూసుకున్నాక."

బావమరిది ఇంకా కాలువలోకే చూస్తున్నాడు. "పూర్తిగా మూసుకోకముందే ఎవరైనా దిగితే?" అన్నాడు.

పిల్ల పాఠం అప్పజెప్పినట్టు చెప్పేసింది. "గొయ్యి గోడలు జారతాయి మావయ్యా. వదులు ఇసుక కదా, మీద పడి కప్పే..." అంటూ, మేనమామ మొహం చూసి ఆగిపోయింది.

ఇంటికి వచ్చేదారిలో బావమరిది ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అతన్ని ఊరుకోమని కసిరిన సందర్భాలు బోలెడున్నాయి గానీ, అతను ఊరుకుంటే భయం వేస్తుందని బుడగకి ఆ రోజే తెలిసింది. ఇంట్లో ఆడవాళ్ళకి ముగ్గురూ ఏమీ చెప్పలేదు.

ఐదో స్తంభం దగ్గర చెయ్యి దిగిపోయే సంగతి పిల్ల తన మేడమ్‌కి చెప్పింది. మేడమ్ వంతెనల శాఖ ఇంజనీరుతో మాట్లాడింది. ఆయన కొట్టిపారెయ్యలేదు. పంపు పెట్టి వదులు ఇసుక తోడించి, పునాది ఎంతవరకు బయటపడుతోందో చూద్దామన్నాడు. తోడే గొట్టం పట్టుకుని దిగాల్సింది బుడగే.

మిట్టమధ్యాహ్నం దిగాడు. పైన కళ్ళు చెదిరే ఎండ. నాలుగు మూరలు దిగేసరికి ఎండ అనేది ఎప్పుడూ లేనట్టయింది. గొట్టం పట్టుకుని ఇసుకని పీలుస్తుంటే, ఆ రేణువులు హెల్మెట్‌కి రాసుకుంటూ చెవిలో గుసగుసలాడినట్టు చప్పుడు చేశాయి. గొయ్యి లోతయ్యేకొద్దీ అతనూ దిగాడు. ఒక చెయ్యి స్తంభం మీదే ఉంచాడు. పైన నాచు, జిగురు. ఇంకా కిందికి వెళితే నాచు లేదు, కాంక్రీటు అద్దంలా నున్నగా ఉంది. ప్రతి వరదకీ ఇక్కడిదాకా గొయ్యి పడితే తప్ప, ఇసుక తిరిగి తిరిగి రుద్దితే తప్ప అంత నునుపు రాదు. ఎంత దిగినా ఆ నునుపు ఆగలేదు.

తలుపు తగిలింది, పక్కకి తోశాడు. కుర్చీ ఒకటి, సైకిల్ చక్రం. వరదల్లో ఎవరి ఇళ్ళనుంచో కొట్టుకొచ్చినవి. తర్వాత అతని పాదానికి ఏదో గట్టిగా తగిలింది. వంగి తడిమాడు. బూటు. దాని పక్కనే ఇంకో బూటు. సీసపు అడుగులున్నవి. పడిపోయి లేవు. రెండూ పక్కపక్కనే, మొనలు స్తంభం వైపు తిరిగి, మనిషి నిలబడినట్టు నిలబడి ఉన్నాయి. ఎడమదాని పట్టీ తెగితే మందపాటి దారంతో తోలుముక్క కుట్టినట్టుంది. ఆ కుట్టు తానే వేశానని, ఆ సూదితోనే వేలు పొడుచుకున్నానని అత్తగారు తిట్ల మధ్యలో ఎన్నిసార్లు చెప్పిందో.

"మామయ్యా" అన్నాడు బుడగ, తానెన్నడూ చూడని మనిషిని. హెల్మెట్ లోపల ఆ మాట ఇంకెవరో పిలిచినట్టు తిరిగి అతని చెవినే పడింది.

వీపుమీద ఏదో మెత్తగా వాలింది. గొయ్యి గోడ జారుతోంది. బుడగ గొట్టం వదిలేసి తాడు పట్టుకుని మూడుసార్లు లాగాడు. పైనుంచి ఎవరూ లాగలేదు. మళ్ళీ మూడుసార్లు లాగాడు. తాడు వదులుగా చేతిలోకి వచ్చేస్తోంది. ఇసుక మోకాళ్ళకి వచ్చింది. ఇంకోసారి లాగబోతూ ఆ తాడుని వేళ్ళ మధ్య నలిపి చూశాడు. సన్నంగా, జిగురుగా ఉంది. అతని తాడు మందంగా ఉంటుంది. పట్టుకున్నది తన తాడు కాదు. బూట్ల పక్కనుంచి, ఇసుకలోంచి పైకి వచ్చిన వేరే తాడు అది.

నడుము తడుముకుని తన తాడు దొరకబుచ్చుకుని లాగాడు. ఈసారి పైనుంచి బలంగా లాగారు. పాత తాడు మణికట్టుకి చుట్టుకుని అతనితోపాటే వచ్చింది.

"ఏంటి బావా, నీళ్ళలో బుడగలు గుప్పుగుప్పున వస్తున్నాయి, తాడు మాత్రం కదల్లేదు?" హెల్మెట్ విప్పుతూ అడిగాడు బావమరిది.

"లాగానురా. నువ్వు పట్టుకున్న తాడు కాదది."

బావమరిది అతని మణికట్టు మీది తాడు విప్పి, చివర వెతికి పట్టుకున్నాడు. తెగి పీచులు లేచినట్టు లేదు. కత్తితో ఒక్క వేటుకి కోసినట్టుంది. బొటనవేలితో ఆ కోతని చాలాసేపు రుద్దాడు. గొయ్యి గోడ జారి కింద మనిషిని పట్టేసి ఉంటుంది, ఆ బరువుకి పడవ ఒరిగి ఉంటుంది, పడవవాడు ప్రాణభయంతో కోసేసి ఉంటాడు. ఇద్దరికీ అర్థమైంది.

"బూట్లు ఎటు తిరిగి ఉన్నాయి?" అన్నాడు చివరికి.

"స్తంభం వైపు."

"అయితే నాన్న పనిలోనే ఉన్నాడు" అన్నాడు బావమరిది, పడవ అడుగున కూర్చుండిపోతూ.

బూట్లనీ, మామగారి ఎముకల్నీ తర్వాత పోలీసుల ఎదుట వేరే డైవర్లు పైకి తీశారు. బుడగని దిగమని ఎవరూ అడగలేదు, అడిగినా దిగేవాడు కాదు.

బుడగ దిగిన రోజు సాయంత్రం అత్తగారు ఆరిన బట్టలు మడతపెడుతోంది. భార్య వాటిని ఇస్త్రీ చేస్తోంది. బావమరిది గుమ్మంలోనే ఆగిపోయాడు. బుడగే చెప్పాడు.

"మామయ్య బస్సెక్కలేదు అత్తయ్యా."

"మరి?"

"ఐదో పిల్లర్ దగ్గర ఉన్నారు. అప్పట్నుంచీ అక్కడే ఉన్నారు."

ముసలావిడ చేతిలో ఉన్న చొక్కాని మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది. గదిలో కాలిన వాసన వచ్చింది. భార్య ఇస్త్రీపెట్టె బట్టమీదే వదిలేసి నిలబడిపోయింది. పిల్ల పరుగెత్తుకెళ్ళి స్విచ్ ఆపింది.

"రోజూ పొద్దున్నే లేచి తిట్టాను కదరా" అంది ముసలావిడ కొడుకుతో. "ఆయనకి వినపడి ఉంటుందంటావా?"

"ఇసుక కిందికి ఏం వినపడుతుందమ్మా."

"వినపడకపోతే మరీ ఘోరం. నేనిక్కడున్నానని కూడా తెలియకుండా ఉన్నాడన్నమాట" అంది ఆవిడ.

మర్నాడు పొద్దున్న అలవాటు చొప్పున కిటికీ తెరిచింది. నోరు తెరిచి, ఒక్క మాట కూడా రాక, మూసుకుంది. ఆ వారంలోనే కింది దుకాణంవాడు పైకొచ్చి, అమ్మగారికి ఒంట్లో బాగాలేదా అని అడిగి వెళ్ళాడు. భార్య తండ్రి ఫోటో కోసం పెట్టెలన్నీ వెతికింది, దొరకలేదు. చిన్నప్పుడు తానే చింపేశానని రెండు రోజుల తర్వాత గుర్తొచ్చింది.

వంతెన మీద బళ్ళు ఆపేశారు. స్తంభం అడుగు ఎక్కడిదాకా ఉందో పాత పటాలు తీసి చూస్తే, ఆ నునుపు దాదాపు అక్కడిదాకా పోయిందని తేలింది. బరువంతా మోస్తున్నది కింద కొద్దిపాటి గట్టినేల మాత్రమే. తర్వాతి వరదకి ఐదో స్తంభానికి శబ్దంతో లోతు కొలిచే పరికరం కట్టి, గట్టుమీది రేకుల షెడ్డులో దాని తెర పెట్టారు. పిల్లా, మేడమ్, ఇంజనీరు, బుడగ, బావమరిది ఆ షెడ్డులో కూర్చున్నారు.

బయట గట్టు నిండా జనం. నది వెడల్పుగా, గోధుమ రంగులో, బరువుగా కదులుతోంది. స్తంభాల దగ్గర కాస్త నురగ తప్ప చెప్పుకోదగ్గ అలజడి లేదు. "ఏం లేదండీ, పోయిన ఏడు దీనికంటే ఎక్కువొచ్చింది" అంటున్నాడు ఎవరో. లోపల తెరమీద నది అడుగు దిగడం మొదలైంది. చప్పుడు లేదు. అంకె మారుతోంది, అంతే. బావమరిది తెర చూడలేక నేల చూపులు చూస్తున్నాడు.

"ఎంతదాకా వెళ్ళింది?" అన్నాడు ఒకసారి.

"బూట్లు ఉన్న లోతు దాటింది" అన్నాడు బుడగ.

ఇంకా దిగింది. ఇంజనీరు లేచి నిలబడి, గట్టుమీది జనాన్ని వెనక్కి పంపమని మనిషిని పరుగెత్తించాడు. పునాది అడుగు ఇక కొద్ది దూరంలో ఉందనగా అంకె ఆగింది. వణికింది. అక్కడే సాయంత్రందాకా నిలబడింది. మర్నాడు నీళ్ళు తగ్గుతుంటే, అంతే నిశ్శబ్దంగా పైకి రావడం మొదలెట్టింది. నది ఏమీ ఎరగనట్టు గొయ్యిని పూడ్చుకుంటోంది. నాలుగో రోజుకి తెరమీద అడుగు చదును. గట్టుమీద జనం వేరుసెనక్కాయలు తింటూ, ఈ ఏడు నది ఎంత నెమ్మదిగా ఉందో చెప్పుకుంటున్నారు.

ఎండాకాలంలో ఐదో స్తంభం చుట్టూ పెద్ద పెద్ద బండరాళ్ళు పేర్చారు. రాళ్ళు సరిగ్గా కూర్చున్నాయో లేదో బుడగే దిగి తడిమి చూశాడు. వంతెన మళ్ళీ తెరిచారు. పిల్ల చదువు ముగించి ఆ శాఖలోనే చేరింది. బావమరిది మళ్ళీ మాట్లాడటం మొదలెట్టాడు గానీ తాడు చేతిలో ఉన్నప్పుడు మాత్రం ఎవరు పలకరించినా పలికేవాడు కాదు.

మూడు వరదలు అలా గడిచాయి. ఆ తర్వాతి ఏడు బుడగ ఎప్పటిలాగే వరుసగా తడుముకుంటూ రెండో స్తంభం దగ్గరికి వచ్చాడు. అది అన్నింటిలోకీ గట్టిది. అక్కడ దిగడమంటే ఇంటి అరుగుమీద కూర్చున్నట్టే అతనికి. మోకాళ్ళు ఆనించి, కళ్ళు మూసుకుని, అరచెయ్యి కింద పెట్టాడు. చెయ్యి మోచెయ్యిదాకా దిగిపోయింది. వెనక్కి తీశాడు. ఆ చోటు పూడిపోయింది.

పైకొచ్చి పడవలో హెల్మెట్ విప్పించుకుని ఊపిరి తీసుకున్నాడు. ఎగువన నీళ్ళ రంగు చూశాడు. ఐదోదాని దగ్గరి రాళ్ళకి కొట్టుకున్న ధార పక్కకి తిరిగి, ముదురు చారలా రెండో స్తంభం వైపు ఒరిగిపోతోంది.

"ఏమైంది బావా?"

"నది పక్కకి జరిగిందిరా. పిల్లకి ఫోన్ చెయ్యి. ఇసుక తోడే పంపు పంపమను."

బావమరిది ఫోన్ తీశాడు గానీ వెంటనే నొక్కలేదు. "కింద ఏమైనా తగిలిందా?" అన్నాడు.

"నేను వెతకలేదు" అన్నాడు బుడగ.